నాటకశాలలో అన్నా కరేనినా

హాస్టల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చూస్తుంటే, పది నిమిషాలకే మా రూమ్మేట్ అడిగాడు: "ఏంట్రా మామా, సినిమా అని చెప్పి నాటకం చూపిస్తున్నావ్?" వాడు వెక్కిరిద్దామనే అన్నాడు. కానీ ఈ సినిమా గురించి ముందుగా అడగాల్సిన ప్రశ్న అదేనని నాకు తర్వాత అర్థమైంది.

సినిమా 2012లో వచ్చిన 'అన్నా కరేనినా'. దర్శకుడు జో రైట్, స్క్రీన్‌ప్లే టామ్ స్టాపర్డ్, అన్నాగా కైరా నైట్లీ. మూలం టాల్‌స్టాయ్ నవల. 1875లో ఒక రష్యన్ పత్రికలో సీరియల్‌గా మొదలైంది. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పీటర్స్‌బర్గ్‌లో కరేనిన్ పెద్ద అధికారి. ఆయన భార్య అన్నా, వాళ్లకో కొడుకు. వ్రోన్‌స్కీ అనే యువ సైనికాధికారితో ప్రేమలో పడి ఆమె ఆ ఇల్లు వదిలేస్తుంది.

రష్యా కథ అంటే మంచు, భవనాలు, గుర్రబ్బండ్లు చూపిస్తారు కదా. జో రైట్ మాత్రం కథలో చాలా భాగాన్ని ఒక పాత నాటకశాల లోపలే నడిపాడు. దాని సెట్ ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో వేశారు. ఆఫీసు, హోటలు, నృత్యశాల అన్నీ ఆ స్టేజీ చుట్టూనే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే తెరలు మారిపోతాయి. గుమాస్తాలు కాగితాల మీద ముద్రలు వేయడం కూడా డ్యాన్స్‌లా ఉంటుంది. ఆ కాలపు పీటర్స్‌బర్గ్ పెద్దింటివాళ్లు యూరప్ మర్యాదలు నేర్చుకుని, తమలో తాము ఫ్రెంచి మాట్లాడుకుంటూ, స్టేజీ మీద ఉన్నట్టే బతికారని చరిత్రకారుడు ఆర్లాండో ఫైజిస్ రాశాడు. దర్శకుడికి ఈ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

గుర్రప్పందెం సీన్ చూడండి. గుర్రాలు నిజంగానే స్టేజీ మీద పరుగెడతాయి. అన్నా చేతిలో విసనకర్ర కొట్టుకుంటుంటే ఆ చప్పుడు గిట్టల చప్పుడులో కలిసిపోతుంది. వ్రోన్‌స్కీ గుర్రంతో సహా కింద పడతాడు. ఆమె కేక పెడుతుంది. పందెం చూస్తున్న వాళ్లందరూ ఆమె వైపు తిరుగుతారు. నవలలో ఇదే ఘట్టాన్ని టాల్‌స్టాయ్ రెండుసార్లు చెప్తాడు, ఒకసారి వ్రోన్‌స్కీ వైపు నుంచి, ఇంకోసారి ఆమెనే గమనిస్తున్న కరేనిన్ వైపు నుంచి. సినిమా రెండిటినీ ఒక్క చోట పెట్టేసింది. నాకు బాగా నచ్చిన సీన్ ఇదే.

అసలు కథ మొదలయ్యేది అన్నా తప్పుతో కాదు. ఆమె అన్నయ్య స్టీవా పిల్లలకు చదువు చెప్పిన ఫ్రెంచి ఆవిడతో సంబంధం పెట్టుకుని దొరికిపోతాడు. వదిన డాలీని బుజ్జగించి ఆ కాపురం నిలబెట్టడానికే అన్నా మాస్కో వస్తుంది. స్టీవాకి ఉద్యోగం పోలేదు, విందులు ఆగలేదు. అన్నాకి మాత్రం తలుపులన్నీ మూసుకున్నాయి. మా కోడ్‌లో ఒకే ఇన్‌పుట్‌కి రెండు రకాల అవుట్‌పుట్ వస్తే బగ్ అంటాం. వాళ్ల దగ్గర అది పద్ధతి. చట్టం కూడా అలాగే ఉండేది. విడాకులు ఇవ్వాల్సింది చర్చి, తప్పు చేసినట్టు తేలినవాళ్లకి మళ్లీ పెళ్లి లేదు. విడాకులు కాలేదు కాబట్టి వ్రోన్‌స్కీకి పుట్టిన పాప కూడా కాగితాల్లో కరేనిన్ కూతురే. నవలలో వ్రోన్‌స్కీ ఈ మాట డాలీతో చెప్పుకుని బాధపడతాడు. సినిమా చూసి "ఆవిడ కాస్త సర్దుకుపోవాల్సింది" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ పేజీలు చదివాక ఆ మాట అనలేకపోయాను.

లెవిన్ సంగతి వేరు. పల్లెలో పొలం చేయించుకునే మనిషి. అతని కోసం స్టేజీ వెనక పెద్ద తలుపు తెరుచుకుంటుంది, బయట నిజమైన మంచు. గడ్డికోత సీన్లన్నీ ఆరుబయటే. అతను, కిట్టీ చెక్క అక్షరాలు పేర్చి ఒకరి మనసు ఒకరికి చెప్పుకునే సీన్ నవలలో సుద్దముక్కతో జరుగుతుంది, ఒక్కో మాటకి మొదటి అక్షరం మాత్రమే రాస్తూ. (తెలుగులో అయితే మొదటి అక్షరానికి గుణింతం కూడా అంటుకుని వస్తుంది కాబట్టి కిట్టీ పని ఇంకొంచెం తేలికయ్యేది!) అన్నా, వ్రోన్‌స్కీలకి కూడా చెట్ల మధ్య కాసేపు ఆకాశం దొరుకుతుంది, చుట్టూ ఎవరూ లేనప్పుడు.

ఈ పద్ధతి వల్ల పోయింది కూడా ఉంది. నవలలో చివరి రోజు అన్నా బండిలో వెళ్తూ దుకాణాల బోర్డులు, దారిన పోయేవాళ్ల మొహాలు చూస్తుంటుంది. ఆలోచనలు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతుంటాయి. ఆ పేజీల్లో మనం ఆమె తలలోపలే ఉంటాం. సినిమాలో మాత్రం మనమూ ఆ నాటకశాలలో కూర్చుని ఆమెని చూస్తున్నవాళ్లమే. రైల్వే స్టేషన్ సీన్ దగ్గర నాకు జాలి కలిగింది గానీ, పుస్తకంలో వేసిన భయం వేయలేదు.

చూస్తే చివరి షాట్ దాకా ఆగండి. తెల్లటి పూల మైదానంలో కరేనిన్ కూర్చుని ఉంటాడు. దగ్గర్లో అన్నా కొడుకు, ఆ పాప ఆడుకుంటుంటారు. కెమెరా వెనక్కి జరిగేకొద్దీ, ఆ పూలు నాటకశాల లోపలికంతా పాకి ఉన్నాయని తెలుస్తుంది. ప్రేక్షకుల కుర్చీల్లో ఎవరూ లేరు.