నీటికఱవును విరేచన రోగములును

కర్నూలు, కడప జిల్లాలలో పుట్టి పెరిగిన బాలబాలికలకు నీటి విలువను వేఱుగ బోధింపనక్కఱలేదు. ఎండలు ముదిరినంతనే వంకలు వట్టిపోవును. పెన్నలోను పాపఘ్నిలోను ఇసుక తప్ప మఱేమియు కానరాదు. ఆ యిసుకలో చెలమ త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి కడవ నింపుకొను తల్లులను చూడనివారు మనలో నుండరు. నీరు తక్కువయైన చోట నీటివలన కలుగు రోగములును తక్కువగ నుండవలెను గదా యని మా తరగతిలో కొందఱు విద్యార్థులు వాదించిరి. వాదము ముచ్చటగనే యున్నది గాని నిజము దానికి విరుద్ధము.

నీరు సమృద్ధిగ నున్న యూరిలో జనులు పలు బావులనుండి తోడుకొందురు. అందొకటి చెడినను కొన్ని యిండ్లకే కీడు కలుగును. బావులన్నియు నెండి యొక్కటి మిగిలినప్పుడు ఊరెల్ల దానినే ఆశ్రయించును. ఒక్క రోగి గుడ్డలు దాని గట్టున నుదికినను ఆ దోషము ప్రతి కడవలోనికి చేరగలదు. అంతియ కాదు, త్రాగుటకే చాలని నీటితో చేతులు కడుగుకొను వారెందఱు? కొళాయిలున్న పట్టణములలోను ఇదే చిక్కు. రోజున కొక గంట మాత్రము నీరు వదలునప్పుడు, తక్కిన కాలమున గొట్టములు ఖాళీగ నుండి, పగుళ్లగుండ ప్రక్క కాలువలోని మురుగును లోనికి పీల్చుకొనును. తొలకరి వానలకు గట్టులమీది మలినమంతయు కొట్టుకొనివచ్చి చెలమలలోను బావులలోను పడును.

మన పెద్దలు ధాత కఱవని చెప్పు 1876–78 నాటి మహాక్షామమున ఈ సంగతి ఘోరముగ వెల్లడియైనది. ఆకలిచే చిక్కిన జనులు సహాయ శిబిరములలో గుమికూడిరి. అచ్చట 1877లో కలరా చొరబడెను. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గెను. అందాకలిచే పోయిన వారెందఱో, రోగముచే పోయిన వారెందఱో విడదీయుట సాధ్యము కాదు. రెండును కలిసియే వచ్చెను. రోగ కారణము నాటి వైద్యులకు నిశ్చయముగ తెలియదు. లండనులో జాన్ స్నో 1854లోనే నీటిని అనుమానించినను, రాబర్టు కాక్ కలరా క్రిమిని ఈజిప్టులో కనుగొని కలకత్తాలో రూఢిపఱచినది 1883, 1884 సంవత్సరములలో. అప్పటికి మన క్షామము ముగిసి ఐదాఱేండ్లు గడచెను.

ఇవన్నియు పాత కథలని తలపరాదు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినప్పుడు మురుగునీరును మంచినీరును ఏకమాయెను. 2021 ఏప్రిలులో పాణ్యము మండలములోని గోరుకల్లునందును, ఆదోనిలో నొక పేటయందును అతిసారము ప్రబలి ప్రాణములు గొనెను.

ఈ వ్యాసము వ్రాయుటకు హేతువు వేఱొకటి కలదు. మేమెఱిగిన యొక కుటుంబమున పది నెలల పసివానికి వేసవిలో నీళ్ల విరేచనములు పట్టుకొనెను. నీరిచ్చిన కొలది విరేచనములు హెచ్చునని యింటివారు భయపడి, ఒకటిన్నర దినము నీరును పాలును మాన్పించిరి. ఆసుపత్రికి చేర్చునప్పటికి మించిపోయెను. ఆ బిడ్డ అక్క మా తరగతిలో చదువుచుండెను. కొన్ని వారముల పిమ్మట, పాఠము ముగిసి అందఱును వెడలిన తరువాత, ఆమె మాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, నీళ్లు తాపింటే మా తమ్ముడు బతికిండునా?” యని యడిగెను. ఆ దినమున మేము సరిగ బదులు చెప్పలేకపోతిమి.

ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు క్రిములను గూర్చి కొంత తెలిసికొనవలెను. విరేచనములు కలిగించు సూక్ష్మక్రిములలో ముఖ్యమైన తెగలు రెండు: బాక్టీరియా, వైరసులు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో టైఫాయిడు క్రిమి పొడవు రెండు మూడు భాగములుండును. రోటావైరసు అందొక్క భాగములో పదియవ వంతు కూడ నుండదు. బాక్టీరియా స్వతంత్ర జీవులు. మిగిలిన కూరలోను పాలలోను తమంతట పెరుగగలవు. వాటిలో కొన్ని, వెచ్చదనము అనుకూలించినచో, 20 నిమిషముల కొకసారి రెండింతలగును. ఆ లెక్కన ఉదయమున నొక్క క్రిమి పడిన పాత్రలో 7 గంటలకు 20,97,152 క్రిములుండును. నమ్మని విద్యార్థి ఒకటిని రెండుచే 21 మాఱులు హెచ్చించి చూచుకొనవచ్చును. వైరసు అట్లు పెరుగదు. జీవకణములోనికి దూరినగాని దానికి సంతానము లేదు. అయినను రోటావైరసు రోగియైన శిశువు మలమున కోట్ల సంఖ్యలో వెలువడి, చేతులద్వారా, ఆటవస్తువులద్వారా ఇంకొక శిశువు నోటికి చేరును. కావున శుభ్రమైన నీరు త్రాగు సంపన్న దేశముల బిడ్డలకును అది సోకును.

ఈ భేదము చికిత్సయందును ముఖ్యము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించినప్పుడు, అచ్చట డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడి చేయబడెను. ఆ కుటుంబపు మందులు నేటికిని కలరాయందు వాడబడుచున్నవి. అవి వైరసులపై పనిచేయవు. ప్రతి విరేచనమునకును అంగడిలో మాత్ర కొని మ్రింగుట ధనమునకును దేహమునకును నష్టమే. రోటావైరసునకు తగిన రక్షణము టీకా. ఢిల్లీలో నొక శిశువునుండి గ్రహింపబడిన వైరసును మూలముగ గొని, హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారు రోటావాక్ అను టీకాను తయారు చేసిరి. ప్రభుత్వ టీకాల కార్యక్రమమున రోటావైరసు టీకాను 2016లో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారముల వయస్సున దీనిని నోటిలో చుక్కలుగ వేయుదురు. సూది నొప్పి లేదు. మానుటకు సాకును లేదు.

ఇక ఆ బాలిక ప్రశ్న. కలరా క్రిమి పేగును తినివేయదు. అది పేగు గోడను అంటిపెట్టుకొని యొక విషమును వదలును. దీనిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే రుజువు చేసెను. ఆ విషము తగిలిన పేగు దేహములోని ఉప్పును నీటిని లోనికి కార్చివేయును. బియ్యము కడిగిన నీరువంటి విరేచనములు గంటకొక లీటరు వఱకును పోవచ్చును. తక్కిన విరేచనములలో నష్టము నెమ్మదిగ జరిగినను, పసిబిడ్డను చంపునది తఱచుగ ఈ నీటినష్టమే. అట్టివానికి నీరు మాన్పించుట, ఎండిన చేనికి కాలువ కట్టివేయుట వంటిది.

అయితే వట్టి నీరు చాలదు, ఉప్పునీరును చాలదు. జబ్బుపడిన పేగు వట్టి ఉప్పును సరిగ గ్రహింపలేదు. గ్లూకోజు చేరినచో పేగు దానిని గ్రహించుచు వెంట ఉప్పును, దానివెంట నీటిని లోనికి తీసికొనును. ఈ ద్వారమును రోగము మూయలేదు. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు బన్‌గావ్ శిబిరమున కలరాచే కుప్పలుగ పడియున్నప్పుడు, నరములలోని కెక్కించు సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు 4కు లోబడెను. ఆ త్రాగించినవారు వైద్యులు కారు. తల్లులు, అన్నలు, అక్కలు.

కాబట్టి ఆ బాలికకు మేము చెప్పవలసిన బదులిది: బహుశః బ్రదికి యుండును. ఇంటివారు ప్రేమ లేక నీరు మాన్పలేదు. తమ పెద్దలు చెప్పినట్లు చేసిరి. పెద్దలు ఈ యొక్క విషయమున పొరబడిరి.

చిన్నవాడు నీళ్లవలె విరేచనములు చేసుకొన్న మొదటి గంటలోనే ఓ.ఆర్.యస్. పొట్లమును కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, గుక్కగుక్కగ త్రాగింపవలెను. వాంతియైనచో పది నిమిషము లాగి, మఱల చెంచాతో మొదలుపెట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. పొట్లము దొరకునందాక కొంచెము ఉప్పు వేసిన గంజియు మజ్జిగయు మేలే. అదియు లేనిచో లీటరు నీటికి 6 చదునైన టీ చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలుపవచ్చును. కాని విద్యార్థులు తమ యిండ్లనుండి తెచ్చిన చెంచాలను మేము తూచి చూడగా ఒకదానికొకటి పోలిక లేకుండెను. ఉప్పు హెచ్చినచో కీడు కలుగును. రుచి కన్నీటికంటె ఉప్పగ నుండరాదు. కన్నులు లోతునకు పోయినను, నడినెత్తి గుంటపడినను, మూత్రము నిలిచినను, మలమున రక్తము కనబడినను, ఇంటివైద్యమును నమ్ముకొనక ఆసుపత్రికి పోవలెను. దారిలోను చెంచా ఆపరాదు.

కడవనుండి నీరు తీయుటకు పొడవైన కాడగల గరిటె నుంచుకొన్నచో వ్రేళ్లు నీట మునుగవు. పొట్లము కలిపిన నీరు 24 గంటలు దాటినచో మిగిలినదానిని పాఱబోసి క్రొత్తది కలుపవలెను. నీటిని పాఱబోయుటకు మన సీమవారికి చేతులు రావు. అయినను దీనిని మాత్రము పాఱబోయవలెను.