రెండు తేదీలూ ఒప్పే

భీమునిపట్నం

చిరంజీవి బుజ్జితల్లికి మామ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వంశవృక్షం అందింది. గోడకి అంటించి, కళ్ళజోడు తుడుచుకుని రెండు పూటలు చూశాను. ఎర్ర సిరాతో సున్న చుట్టిన చోట ఆగిపోయాను. "పెళ్ళి 1936, తొలి సంతానం 1943. ఏదో ఒకటి తప్పు కదా మామ్మా" అని రాశావు.

రెండూ ఒప్పేనమ్మా. ఆ పెళ్ళి మా అమ్మానాన్నలది. ఆ తొలి సంతానం మీ తాత. మధ్యలో మా నాన్న రంగంలో ఉన్నాడు.

రంగం అంటే రంగూన్. మన వైపు అలాగే అనేవారు. పాత ఉత్తరాల్లో ఆ మాట కనబడితే నాటకాల సంగతి అనుకునేవు! భీమిలి నుంచీ, కళింగపట్నం నుంచీ స్టీమర్లు వెళ్ళేవి. స్టీమరు ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసి నిలబడుతుంది. పడవల మీద వెళ్ళి ఎక్కాలి. టికెట్టు డబ్బూ, ఇంట్లో ఇచ్చి వెళ్ళడానికి కొంత బయానా మేస్త్రీ ముందే పెట్టేవాడు. అక్కడ బియ్యం మిల్లులోనో, హార్బరులో మూటలు మోసో ఆ బాకీ తీర్చుకోవాలి. బర్మావాళ్ళు మనవాళ్ళని కొరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో హార్బరు కూలీల సమ్మె తరవాత మనవాళ్ళ మీద పెద్ద దాడులు జరిగాయి. ఊళ్ళో ఆ కబురు తెలియని ఇల్లు లేదు. అయినా ఏడేళ్ళకి, పెళ్ళయి సరిగ్గా ఏడాది తిరక్కుండా, నాన్న పడవెక్కాడు. ఎందుకెక్కాడో చెప్పే కాగితం నీ చేతుల్లోనే ఉంది.

ఇనప్పెట్టెలోని తాకట్టు దస్తావేజు ఫొటో తీసుకున్నావు కదా, అందులో పేరూ, తేదీ ఎక్కించుకుని ఊరుకున్నావు. హద్దులు చదువు. పడమర హద్దు ఎవరి పొలం? అప్పిచ్చినాయన పొలమే. తీర్చకపోతే గట్టు చెరిపేస్తే చాలు, రెండు చెక్కలూ ఒకటైపోతాయి. మా మేనత్త పెళ్ళికి చేసిన అప్పది. కొత్త పెళ్ళికొడుకుని ఇంట్లోంచి కదిలించింది ఆ పడమటి గట్టే అని నా నమ్మకం. నాన్న మాత్రం ఎప్పుడూ ఆ మాట అనలేదు, అత్త చెవిన పడుతుందని కాబోలు.

ఇక అమ్మ సంగతి. నీ పటంలో ఆవిడ ఉత్త 'భార్య'. పుట్టింటి పేరు లేదు, ఊరు లేదు. పద్నాలుగేళ్ళకి పెళ్ళి, పదిహేనేళ్ళకి మొగుడు సముద్రం అవతల. చదువు రాదు. మనియార్డరు వస్తే కూపన్ మీద రాసిన రెండు ముక్కలూ పోస్టుమేనే చదివి పెట్టేవాడు. భార్యాభర్తల మాట మూడోవాడి నోట వినాలి, అదీ వీధి అరుగు మీద. అందుకేనేమో ఆ కూపన్లలో క్షేమమూ, అప్పు లెక్కా తప్ప ఇంకో ముక్క ఉండదు. అన్నీ ట్రంకుపెట్టెలో దాచింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ తరవాత కూపన్ లేదు.

నాన్న నడిచొచ్చాడు. ప్రోము దాకా ఎలాగో చేరి, అక్కడి నుంచి తౌంగుప్ దారిన అరకాన్ కొండలు దాటి, తీరం పట్టుకుని చిట్టగాంగు వైపు. ఆ దారిలో కలరాకి జనం రాలిపోయారు. ఇల్లు చేరిన తేదీ ఏదమ్మా అని నేనూ నీలాగే అడిగాను. "ఏమో, చిత్రభాను ఉగాది వెళ్ళింది. విశాఖలో బాంబులు పడి జనం మూటలతో పల్లెలకి పారిపోతూ ఉంటే, ఈయన ఎదురొచ్చాడు" అంది. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. నీకు కావలసిన తేదీ ఆ మాటలోనే ఉంది చూశావా? నీకు 'ఏప్రిల్ 1942' ఒక్కటే ఇచ్చి ఉంటే మాత్రం, ఆ మూటలూ, ఆ ఎదురు రావడమూ నీకు దక్కేవి కావు.

పెద్దవాళ్ళని ఏ సంవత్సరమని అడక్కు, బెదిరిపోతారు. తుపానుకి ముందా, తరవాతా? అప్పుడు చంకలో ఏ పిల్ల ఉంది? అలా అడుగు. తెలుగు సంవత్సరం చెబితే మళ్ళీ జాగ్రత్త, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. అమ్మ పెళ్ళి ధాతలో. సీమవాళ్ళు చెప్పుకునే ధాత కరువు 1876 నాటిది. రెండూ కలిపేస్తే ముత్తవ్వకీ మనవరాలికీ ఒకే ఏడు పెళ్ళి చేసేస్తావు.

ఇంకొకటి. మీ నాన్న ఏ ఊరు వెళ్ళినా, గంట ప్రయాణమైనా, సంచిలో అటుకుల మూటా నీళ్ళ చెంబూ పెట్టుకుంటాడని నవ్వుతావు. మీ తాతా అంతే. వాళ్ళిద్దరూ ఏ కొండా నడిచి దాటలేదు. ఆ అలవాటు ఎక్కడిదో వంశవృక్షంలో ఏ గడిలో రాస్తావో నువ్వే ఆలోచించు.

అమ్మ పుట్టింటివాళ్ళలో ఇంకా ఒక్క పిన్నే మిగిలింది. వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు ముందు ఆవిడ దగ్గరికి వెళ్దాం, తరవాతే ట్రంకుపెట్టె తీద్దాం. వచ్చేటప్పుడు మంచి భూతద్దం ఒకటి పట్టుకురా. కూపన్ల మీద పెన్సిలు రాత చెరిగిపోతోంది.

మీ చిన్నమామ్మ