ప్రచారం – మంచీ చెడూ



ప్రచారం అనగానే మనకు ఎన్నికల మైకు, గోడల మీది రాతలు గుర్తుకు వస్తాయి. ఆంగ్లంలో దీనికి వాడే ‘ప్రోపగాండా’ అనే మాట మన శ్రీసభ ఇంటి నుండే లోకంలోకి వెళ్ళిందని చాలామందికి తెలియదు. 1622లో జగద్గురువులు పదిహేనవ గ్రెగోరి పాపుగారు విశ్వాస వ్యాప్తి కొరకు రోములో ఒక సంఘాన్ని స్థాపించారు. దాని లతీను పేరులోనిదే ఈ మాట. అసలది తోటపని మాట. కొమ్మ నాటి కొత్త మొక్కను పెంచడమని అర్థం. 1914–18 యుద్ధంలో ప్రభుత్వాలు పత్రికలనూ పోస్టర్లనూ జనాన్ని నమ్మించడానికి వాడుకున్నాక దానికి చెడ్డపేరు వచ్చింది. 1967లో ఆరవ పౌలు పాపుగారు ఆ సంఘం పేరు మార్చారు.

అయితే ప్రచారమంతా చెడ్డదేనా? మన రాష్ట్రంలోనే చూడండి. 1980వ దశకంలో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించింది. ఆ పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. వింటే ఏదో పుణ్యనది అనుకుంటాం! చేదు వస్తువుకు తీపి పేరు పెట్టడం ప్రచారానికి తెలిసిన పాత విద్య. తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు వయోజనుల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం పెట్టారు. ఊరి ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో ఆ పని చేసి చూపించారు. 1992లో అది రాష్ట్రమంతటా ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే, 1997లో, దాన్ని సడలించారు. ఖజానా రాబడి ముందు ఆడవాళ్ళ కన్నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

ఆ వాచకమూ ప్రచారమే. కాని అది పలక చేతికిచ్చి, పదిమందిలో కూర్చోబెట్టి చర్చించమంది. ప్రశ్న వేయడానికి వ్యవధి ఇచ్చింది.

వ్యవధి ఇవ్వని ప్రచారం ఎలా ఉంటుందో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనీ, వెంటనే అందరికీ తెలపాలనీ వాట్సాప్‌లో సందేశాలు పాకాయి. మే 23న బెంగుళూరు చామరాజపేటలో, రాజస్థాన్ నుండి పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఒక యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. ఇది మనకు దూరపు వార్త కాదు. వాన లేక వేరుశనగ ఎండిపోయిన ఏట కదిరి, కళ్యాణదుర్గం వైపు నుండి మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోయేది ఆ నగరానికే. అక్కడ ఎవరూ ఎరగని కొత్త మనిషి ఎవరు? మన ఇంటి బిడ్డే.

ఆ సందేశం పంపినవారిలో చాలామంది దుర్మార్గులు కారు, బిడ్డలున్న తల్లిదండ్రులు. భయం వారిచేత పంపించింది. ఎనిమిదవ ఆజ్ఞను నోటితోనే కాదు, బొటనవేలితో కూడా మీరవచ్చు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి ప్రకటించింది.

కర్నూలుకు ఆవల గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు వేరే దారి పట్టారు. ఊళ్లకు పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వదంతులు అబద్ధమని చెప్పించారు. అదీ ప్రచారమే. అయితే వచ్చినవాడికి ముఖముంది, పేరుంది. అరుగు మీద కూర్చోబెట్టి, “ఈ మాట నీకెవరు చెప్పారు నాయనా?” అని అడగవచ్చు.