ఆనందవనము: కుష్ఠురోగి శుశ్రూష, వృత్తిధర్మము

మహారాష్ట్రమున చంద్రపూర్ జిల్లాయందలి వరోరా చెంత, సంఘము వెలివేసిన కుష్ఠురోగులకు చికిత్సయే గాక శ్రమగౌరవమును గూడ కల్పింపవలెనను సంకల్పముతో బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవాసమితిని స్థాపించి వెలయించిన ఆనందవనము, నర్సింగు పరీక్షార్థులు తప్పక తెలిసికొనవలసిన సేవాక్షేత్రము.

1873లో హాన్సెన్ కనుగొనిన, కుష్ఠువ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అను సూక్ష్మజీవి చర్మమును, నాడులను ఆక్రమించుటచే స్పర్శజ్ఞానము నశించును. కావున అరికాలున ముల్లు గ్రుచ్చుకొన్నను రోగి యెఱుగడు. ప్రతిదినము పాదములను పరీక్షించుకొని, నీట నానబెట్టి, నూనె రాచి, మెత్తని పాదరక్షలు తొడుగుకొనుటయు, వేడి గిన్నెను గుడ్డతో పట్టుకొనుటయు నర్సు అతనికి నేర్పవలయును. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సయందు డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ గలవు. రిఫాంపిసిన్ వలన మూత్రము ఎఱ్ఱబాఱుట సహజమని ముందే తెలిపినచో రోగి బెదరి మందు మానడు.

రోగి స్వేచ్ఛానిర్ణయమును మన్నించుట, మేలు చేయుట, కీడు చేయకుండుట, న్యాయము పాటించుట అను నాలుగు నీతిసూత్రములతోపాటు, రోగి రహస్యమును కాపాడుటయు వృత్తిధర్మమే.

జ్ఞాపకముంచుకొనుడు: భారతీయ నర్సింగు మండలి చట్టము – 1947, అంతర్జాతీయ నర్సుల దినోత్సవము – ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మదినమైన మే 12, బాబా ఆమ్టేకు రామన్ మెగసెసే పురస్కారము – 1985, గాంధీ శాంతి బహుమతి – 1999.