ఏది మళ్లీ తయారుచేయాలి?

పిల్లలూ! పులిహోరకు అన్నం వేరుగా, పులుసు వేరుగా వండి కలుపుతారు కదూ? పులుసు మాడిపోతే పులుసే మళ్లీ కాచి కలుపుతారు. అన్నం మళ్లీ వండరు.

కంప్యూటరు ప్రోగ్రాము కూడా అంతే. మనం రాసిన సోర్సు ఫైళ్లను కంపైలరు ఒక్కొక్కటిగా యంత్రభాషలోకి మారుస్తుంది. ఆ ముక్కలన్నీ కలిపితే ప్రోగ్రాము తయారవుతుంది. ఒక ఫైలులో తప్పు దిద్ది, దాన్ని తిరిగి కంపైలు చేయడం మరచిపోతే? పాత తప్పే కనబడుతుంది!

1976లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో ఇలాగే జరిగింది. అప్పటికే దిద్దిన తప్పు కోసం స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా వెదికారు. ఆయన విసుగు చూసి, తోటి శాస్త్రజ్ఞుడు స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే ప్రోగ్రాము రాశారు.

ఏది దేనిమీద ఆధారపడుతుందో 'మేక్‌ఫైలు' అనే చిట్టాలో రాస్తాము. మేక్ ఫైళ్లు మారిన వేళలను పోల్చి చూస్తుంది. తయారైన ముక్కకంటే దాని సోర్సు ఫైలు కొత్తదైతే, ఆ ముక్కనే తిరిగి తయారుచేయిస్తుంది. మిగతావాటిని ముట్టుకోదు. ఎంతో సమయం ఆదా!

అయితే, చిట్టాలో ఒక ఆధారం రాయడం మరచిపోతే మేక్ దాన్ని ఊహించలేదు. పాత ముక్కే మిగిలిపోతుంది. చిట్టా సరిగా రాసే బాధ్యత మనదే.

పులిహోరకు ఇలాంటి చిట్టా రాయండి. అన్నం మాత్రమే మారిస్తే ఏ పని మళ్లీ చేయాలి?