మన జిల్లాలోనే ఒక మంచినీటి చిత్తడి అడవి



ఈ నెల సోషల్ క్లాసులో “మంచినీటి చిత్తడి అడవులు ఎక్కడ ఉంటాయి?” అని అడిగితే, పిల్లలు టక్కున “అమెజాన్” అన్నారు. కరెక్టే. కానీ మన తిరుపతి జిల్లాలోనే, దొరవారిసత్రం మండలం నేలపట్టులో అలాంటి అడవి ఉందంటే ఎవరూ నమ్మలేదు!

పిల్లలు పరీక్షల్లో తడబడే తేడా ఒకటుంది. సముద్రపు ఉప్పునీరు వచ్చిపోయే చోట పెరిగేవి మడ అడవులు. వాన నీరు, ఏటి నీరు నెలల తరబడి నిలిచే చోట పెరిగేవి మంచినీటి చిత్తడి అడవులు. కేరళలోని కులత్తుపుళ దగ్గర, కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు చుట్టూ కూడా ఇవి ఉన్నాయి.

నేలపట్టు చెరువులో ఉన్నవి కడప చెట్లు. శాస్త్రీయ నామం బారింగ్టోనియా అక్యుటాంగ్యులా. నీరు నిలిచిన మట్టిలో వేర్లకు గాలి అందక చాలా చెట్లు చనిపోతాయి. కడప చెట్టు మాత్రం మొదలు మునిగినా తట్టుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే గూడబాతులు వచ్చి ఈ చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ ఉన్న నీరే వాటికి కోట. నక్కలు, పిల్లులు గూళ్ల దాకా రాలేవు. మేతకు పులికాట్ సరస్సు దగ్గరలోనే ఉంది. 1976లో ప్రభుత్వం దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది.

ఇంకో ఆశ్చర్యం! టోన్లే సాప్ అడవిలోనూ ఇదే జాతి చెట్టు ఉంది. అక్కడా ఇదే గూడబాతు గూడు కడుతుంది.

అయితే వానలు సరిగా పడక చెరువు నిండకపోతే ఆ కోట ఉండదు. చెట్లు అక్కడే ఉన్నా పక్షులకు భద్రత ఉండదు. ఈ అడవిని కాపాడటమంటే చెట్లతో పాటు చెరువు నీటినీ, అందులోకి నీరు తెచ్చే కాలువలనూ కాపాడటమే. పిల్లలకు ఈ పాఠంలో తెలియాల్సిన అసలు విషయం ఇదే.

డిసెంబరు, జనవరి నెలల్లో ఒక ఆదివారం పిల్లలను తీసుకెళ్లండి. తడ మీదుగా సూళ్లూరుపేట దాటి, నాయుడుపేట వైపు హైవేలో వెళ్లాలి. గట్టిగా అరవకుండా, ప్లాస్టిక్ పారేయకుండా చూడండి. అక్కడ పిల్లలను ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. చెట్టు మొదలు మీద నీటి మరక ఎంత ఎత్తు వరకు ఉంది?
2. ఒక చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయి?
3. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి పారితే పైరుకు ఏం లాభం?

మూడో దానికి జవాబు అక్కడి రైతులను అడిగితే పుస్తకం కన్నా బాగా చెబుతారు. పిల్లలు రాసుకొచ్చిన నోట్సును క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాం. దీనికి మార్కులు లేవు. అయినా వెళ్లి రండి.

ఇట్లు,
సోషల్ టీచర్, సత్యవేడు బ్రాంచి