తిరిగి బిగించుట

చదువవలసిన భాగములు: ఎజ్రా 1:7-11, గలతీయులకు 6:1-5



అంబాసిడర్ కారు మీరెరుగనిది కాదు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఇంగ్లీషు కారును బట్టి హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దానిని తయారుచేయ నారంభించిరి, 2014లో నిలిపివేసిరి. పెనుబల్లిలో మన సంఘపు పెద్ద ఒకరు తమ తండ్రిగారి నాటి అట్టి కారును బాగుచేయించుచుండగా, డ్యాష్‌బోర్డు తిరిగి బిగించు దినమున నేనును అక్కడ నుంటిని.

మేస్త్రి మొదట బ్యాటరీ వైరు ఊడదీసెను. విప్పిన నాడే ప్రతి వైరునకు గుడ్డపేలిక కట్టి అంకె వేసియుంచెనట. నాకు ఎజ్రా గ్రంథము జ్ఞాపకము వచ్చెను. నెబుకద్నెజరు కొనిపోయిన మందిరపు ఉపకరణములను కోరెషు తిరిగి పంపినప్పుడు వాటిని లెక్కపెట్టి అప్పగించిరి, మొత్తము 5,400. బంగారు పళ్లెములే గాక 29 కత్తులు సైతము ఆ లెక్కలో నున్నవి.

స్పీడు మీటరు కేబులు గేరుపెట్టె నుండి వచ్చును. దానిని ముందే తగిలించవలెను. బోర్డు బిగిసిన తరువాత చెయ్యి దూరదు. స్క్రూలన్నియు సగము వరకే త్రిప్పి, రంధ్రములు కుదిరిన పిమ్మట గట్టిచేసెను.

తీరా బ్యాటరీ తగిలింపగా పెట్రోలు ముల్లు కదలలేదు, దీపము వెలుగలేదు. వైర్లన్నియు సరిగానే యున్నవి. మేస్త్రి నవ్వి, “అయ్యగారూ, రంగు అడ్డమొచ్చింది” అనెను. కరెంటు తెచ్చు వైరు ఎంత బాగున్నను, అది తిరిగి కారు ఇనుములోనికి పోవుటకు ఎర్తు వైరు ఇనుమును తాకవలెను గదా! నిగనిగలాడు క్రొత్త రంగే నడుమ పొరయై ఆపెను. (డబ్బు ఎక్కువ పోసినదియు ఆ రంగునకే.) స్క్రూ క్రింద రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితముతో గీకగా ముల్లు లేచెను.

ఆ రాత్రి గలతీ పత్రిక తెరచితిని. తప్పితములో చిక్కుకొనినవానిని మంచిదారికి తెచ్చుట అని మనము చదువు చోట గ్రీకులో నున్న క్రియయే, మార్కు 1:19లో యాకోబు యోహానులు వలలు బాగుచేసికొనుటకును వాడబడినది. చిరిగిన వలను మరల చేపలు పట్టునట్లు అల్లుట అది. చూరుకు వ్రేలాడదీయుటకు ఎవడును వల అల్లడు.

నా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది. నేను మునుపు పనిచేసిన సంఘములో, మూడేండ్లు ప్రభువు బల్లకు దూరమైన ఒక సహోదరుని తిరిగి చేర్చుకొంటిమి. దండ వేసితిమి, ఫోటో తీసితిమి. ఎవరితో ఆయనకు పొలము గట్టు తగవు వచ్చెనో ఆ సహోదరునితో మాత్రము కూర్చుండబెట్టలేదు. మంచి దినమున గొడవ ఎందుకని నేనే ఆపితిని. ఆయన నేటికిని వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వాదమునకు ముందే లేచి పోవుచున్నాడని వింటిని. ఆ రంగు వేసినది నేనే.

సాత్వికముతో చేయుమని పౌలు చెప్పెను గాని, పైపైన చేయుమని చెప్పలేదు. అట్లని బోర్డంతయు గీకనక్కరలేదు. ఆయన పూర్వపు సంగతులన్నియు త్రవ్వుట నా పని కాదు. ఆ గట్టు మాట యొక్కటే.

పోయిన నెల బస్సెక్కి ఆ యూరికి వెళ్లితిని. ఒకరు కూర్చుందుమనిరి. రెండవవారు కోతలైన పిమ్మట చూతమనిరి. కోతలు వచ్చే నెలలో ముగియును. మరల వెళ్లెదను.